గరగర ఎక్కడ పుడుతోంది?

కేకు మళ్ళీ కోయించవచ్చు. దండలు ఇంకోసారి మార్పించవచ్చు. రిసెప్షన్‌లో వధూవరుల్ని నాలుగుసార్లు నడిపించి, బాగా వచ్చిన షాట్ ఉంచుకోవచ్చు. చర్చిలో బలిపీఠం ముందు నిలబడి, పాస్టర్ గారి వెంట ఒక్కో మాటా పలికే ఆ రెండు నిమిషాలకు మాత్రం రెండో టేక్ లేదు. ‘అయ్యగారూ, ఇంకొక్కసారి చెప్పించండి’ అని ఏ వీడియోగ్రాఫరూ అడగలేడు, అడగకూడదు కూడా. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఆ పెళ్ళికి కనీసం ఇద్దరు సాక్షులుండాలంటుంది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఉదయం 6కీ సాయంత్రం 7కీ మధ్యే జరగాలంటుంది. అంత కట్టుదిట్టంగా సాగే కార్యంలో, సరిగ్గా పెళ్ళికొడుకు నోరు తెరిచే సమయానికి హెడ్‌ఫోన్‌లో గరగర మొదలైతే?

మనిషి తీరు అక్కడే బయటపడుతుంది.

విజయవాడలో, ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా డెల్టా ఊళ్ళలో చర్చి కార్యక్రమాలు వీడియో తీసే కుర్రాళ్ళను దగ్గర్నుంచి గమనిస్తూ వస్తున్నాను. గరగర వినపడగానే కొందరి చూపు మైక్‌సెట్ వాళ్ళ మీదికి పోతుంది. ‘మీ సెట్టు వల్లే!’ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. ఇంకొందరు చేతికందిన ప్రతిదీ తిప్పేస్తారు. బ్యాటరీ మారుస్తారు, ఫ్రీక్వెన్సీ మారుస్తారు, కేబుల్ పీకి పెడతారు, యాంటెనా వంచుతారు. అన్నీ అర నిమిషంలో అయిపోతాయి. ఒక్కోసారి గరగర పోతుంది కూడా. కానీ దేనివల్ల పోయిందో వాళ్ళకు తెలియదు. కాబట్టి వచ్చే వారం గుడివాడలో అదే గరగర, అదే కంగారు.

కొద్దిమంది మాత్రం ముందు చేతులు కదపరు. వింటారు. తర్వాత ఒక్కటంటే ఒక్కటి మార్చి, మళ్ళీ వింటారు. వాళ్ళకు ఇతరుల కంటే ఎక్కువ చదువు ఉండనక్కర్లేదు, ఖరీదైన సామాను అసలే ఉండనక్కర్లేదు. ఇంట్లో కరెంటు పోతే మనం ఏం చేస్తాం? ఫ్యూజు పీకే ముందు పక్కింట్లో లైటు వెలుగుతోందో లేదో చూస్తాం. సమస్య మనింటిదా, వీధిదా అని ఆ ఒక్క చూపుతో తేలిపోతుంది. ఆ చూపును రోజూ చేసే పనిలోకి తెచ్చుకున్నవాళ్ళే ఈ కొద్దిమంది. నిబ్బరం కొందరికి పుట్టుకతో వచ్చే వరమని మనం అనుకుంటాం. నేను అలా అనుకోను. సమస్యను ముక్కలు చేసి చూడడం అలవాటైతే నిబ్బరం దానంతట అదే వస్తుంది. ఆ అలవాటు నేర్పడానికి కార్డ్‌లెస్ మైక్‌ను మించిన గురువు అరుదు. ఎందుకంటే ఇక్కడ అడ్డొచ్చేది కంటికి కనపడదు. ఊహించి కొడితే తగలదు, వెతికి పట్టుకోవాల్సిందే.

ముందు ఆ చప్పుడికి పేరు పెట్టండి

‘ఆడియో పోయింది’ అనడం ‘ఒంట్లో బాగోలేదు’ అన్నంత అస్పష్టం. ఏం వినపడుతోంది?

సన్నగా, ఆగకుండా ‘గుయ్‌య్’ అనే హమ్మింగ్ అయితే ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి చూడండి. అప్పుడూ వస్తోందంటే అది గాలిలోంచి వచ్చింది కాదు, మన 50 హెర్ట్జ్ కరెంటుది. చర్చి మిక్సర్‌కు ఒక ప్లగ్గులోంచి, మీ ల్యాప్‌టాప్‌కు ఇంకో ప్లగ్గులోంచి కరెంటు వస్తూ, రెండిటినీ ఆడియో కేబుల్ కలిపితే ఈ హమ్మింగ్ పుడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి వినండి. పోతే దొరికినట్టే. ఇక ఫ్రీక్వెన్సీ మార్చి ప్రయోజనం లేదు.

‘సర్ సర్’ అని రాపిడి వినపడుతుంటే, అది పెళ్ళికూతురి పట్టుచీర గానీ, గొలుసు గానీ, పెళ్ళికొడుకు సూటు కాలరు గానీ కాలర్ మైక్‌కు తగులుతున్న చప్పుడు. దీనికి కావలసింది చిన్న టేపు ముక్క.

‘టిటిట్ టిటిట్’ అంటూ విడివిడిగా కొడితే, దగ్గర్లో ఏదో ఫోన్ టవర్‌తో మాట్లాడుతోంది. పాత రకం టూజీ ఫోన్లు ఈ చప్పుడికి పేరుమోసినవి. ఎక్కువసార్లు అది పెళ్ళికొడుకు జేబులోనే, బాడీ ప్యాక్ (నడుముకు తగిలించే ట్రాన్స్‌మిటర్) పక్కనే ఉంటుంది. ఆ పూటకు ఫోన్ తోడల్లుడికో బావమరిదికో ఇప్పించండి.

దూరంగా ఎవరో ప్రార్థన చేస్తున్నట్టు, ఎవరో పాడుతున్నట్టు వినపడితే, పక్క వీధిలోని ఇంకో మందిరం మైకూ మీ మైకూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నాయన్నమాట. పాత ఎఫ్‌ఎం పద్ధతి సెట్లలో రిసీవర్‌కు బలమైన సంకేతం ఏదైతే అదే కావాలి. మీ ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉన్నంతసేపూ మీదే వినిపిస్తుంది. పెళ్ళికొడుకు అటు తిరిగి మీ సంకేతం తగ్గిందంటే పక్క మందిరం గొంతు దూరిపోతుంది.

అసలైన గరగర, ‘బుస్‌స్’ మనే చప్పుడు, మాట మధ్యలో తెగిపోవడం అన్నవే గాలిలోని తగాదాకు గుర్తులు. డిజిటల్ సెట్లతో ఇంకో చిక్కుంది. అవి గరగరలాడి ముందుగా హెచ్చరించవు. చక్కగా పలుకుతూ పలుకుతూ ఒక్కసారిగా మూగబోతాయి. కాబట్టి డిజిటల్ సెట్టు వాడేవాళ్ళు చెవితో పాటు రిసీవర్ మీది సిగ్నల్ గీతల మీద కూడా కన్నేసి ఉంచాలి.

చప్పుడికి పేరు పెట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం సగం కంగారును తీసేస్తుంది. పేరున్న సమస్యతో మాట్లాడవచ్చు, పేరులేనిది భయపెడుతుంది.

మన సంచిలోనే వెతుకుదాం

చాలామందికి కష్టంగా ఉండే మెట్టు ఇదే. ఇప్పుడు కుర్రాళ్ళ దగ్గర ఎక్కువగా ఉంటున్నవి అగ్గిపెట్టెంత చిన్న కార్డ్‌లెస్ మైకులు. రోడ్, డీజేఐ, బోయా ఇలా ఏ పేరుతో కొన్నా, వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. లైసెన్సు అక్కర్లేని ఈ బ్యాండు 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకే, అంటే మొత్తం 83.5 మెగాహెర్ట్జ్ జాగా. వైఫై, బ్లూటూత్, చాలా డ్రోన్ల రిమోట్లు, అన్నీ అక్కడే సర్దుకోవాలి. ఒక్కో వైఫై ఛానల్‌కే దాదాపు 20 మెగాహెర్ట్జ్ కావాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా పట్టేవి మూడే, 1, 6, 11 ఛానళ్ళు.

ఇప్పుడు మీ ట్రైపాడ్ వైపు చూడండి. కెమెరాలో వైఫై ఆన్‌లో ఉంది, ఫోన్ యాప్‌తో కలిపి వదిలేశారు. గింబల్ బ్లూటూత్‌తో పలుకుతోంది. యూట్యూబ్ లైవ్ కోసం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఆ ఫోన్‌ను ట్రైపాడ్‌కే తగిలించారు. రిసీవర్ దానికి జానెడు దూరంలో ఉంది. పెళ్ళికొడుకు నడుముకున్న ట్రాన్స్‌మిటర్ అరవై అడుగుల అవతల ఉంది. రిసీవర్ చెవి పక్కన హాట్‌స్పాట్ అరుస్తుంటే, అరవై అడుగుల నుంచి వచ్చే గొంతు దానికేం వినపడుతుంది? అయినా మన వేలు ముందు మైక్‌సెట్ బాబాయ్ వైపే లేస్తుంది!

కెమెరా వైఫై ఆపేయండి. హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్క మీట. ఆ ఫోన్‌ను రిసీవర్‌కు రెండు మూడు గజాల అవతల పెట్టండి. పైసా ఖర్చులేని ఈ మూడు పనులతో కుదుటపడిన లైవ్‌లు ఎన్నో.

పెళ్ళికూ వీడియోకూ సంబంధంలేని వాళ్ళకు కూడా ఈ మెట్టు అక్కరకొస్తుంది. ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదని నెలలోనే రెజ్యూమే, కోచింగ్, వేసుకునే చొక్కా, చివరికి ఎంచుకున్న రంగం కూడా మార్చేసే డిగ్రీ కుర్రాళ్ళను మన విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలే చూడవచ్చు. ఏ రౌండులో ఆగిపోతున్నావు నాయనా అని అడిగితే జవాబుండదు. రాత పరీక్ష దాటి ప్రతిసారీ మాట్లాడే దగ్గరే ఆగుతుంటే రెజ్యూమే మీద ఖర్చుపెట్టిన డబ్బు దండగ. ముందు ఆగుతున్న చోటు పట్టుకోవాలి. తర్వాత ఒక్కటి మార్చాలి. మార్చి, ఫలితం చూసేదాకా రెండోది ముట్టకూడదు. ఓపిక ఎక్కువ కావలసింది ఈ చివరి భాగానికే.

గుణదల కొండ కింద

మళ్ళీ మైకుల దగ్గరికి వద్దాం. ఈ పనికి మన దగ్గర అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఏటా ఫిబ్రవరిలో వస్తుంది. విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవాలు 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ తేదీలకు కారణముంది: ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మరియమాత దర్శనాలు మొదలైన రోజు ఫిబ్రవరి 11. గుణదలలో మాత స్వరూపాన్ని 1924లో ప్రతిష్ఠించారు. మూడు రోజుల్లో లక్షల మంది వస్తారు. కొండ ఎక్కేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, కొవ్వొత్తులు పట్టుకుని వరుసలో కదిలేవాళ్ళు. బహిరంగ వేదిక మీద పూజ జరుగుతుంటే ఎదురుగా అంతమంది జేబుల్లోనూ ఫోన్లుంటాయి. ఆ ఫోన్లలో చాలా వాటికి వైఫై ఆన్‌లోనే ఉంటుంది, ఏ నెట్‌వర్క్ దొరుకుతుందా అని వెతుకుతూనే ఉంటాయి. పోలీసుల వాకీటాకీలు, టీవీ వాళ్ళ సామాను, ఎల్‌ఈడీ తెరలు వీటికి తోడు.

అలాంటి చోట కిందటి సాయంత్రం ఖాళీ మైదానంలో చూసుకున్న పరీక్షను నమ్ముకోకూడదు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆ నీళ్ళు బాగా పీల్చుకుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు వంద అడుగులు అవలీలగా అందిన సంకేతం, జనం నిండాక ముప్పై అడుగులకే నీరసిస్తుంది. దీనికి మందు సులువైనదే. రిసీవర్‌ను తలల ఎత్తు దాటించి స్టాండు మీద పెట్టాలి, వేదికకు దగ్గరగా జరపాలి. దూరం లెక్క ఒకసారి చూడండి. ఖాళీ జాగాలో దూరం సగమైతే అందే శక్తి నాలుగింతలవుతుంది. అరవై అడుగుల నుంచి పదిహేను అడుగులకు జరిపితే పదహారింతలు. ఆ పదహారింతల బలం ఇవ్వగల మైక్ కొనాలంటే ఎంతవుతుందో తెలియదు గానీ, రిసీవర్‌ను ముందుకు పెట్టి అక్కణ్ణుంచి కెమెరాకు పొడవాటి కేబుల్ లాగడానికి కొన్ని వందల రూపాయలు చాలు. వైర్‌లెస్ కొన్నాం కదా, మళ్ళీ వైరు ఏమిటి అని మొహమాటపడేవాళ్ళను చూశాను. పని జరగడం ముఖ్యం.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. 837 కిలోహెర్ట్జ్ మీద పొద్దున్నే భక్తిరంజని విని లేచిన తరాలు మన జిల్లాలో ఉన్నాయి. అలాంటి మధ్యతరంగ ట్రాన్స్‌మిటర్‌కు దగ్గర్లో నాసిరకం కేబుల్‌ను బారుగా లాగితే, ఆ కేబులే యాంటెనాగా మారి రేడియో పాట స్పీకర్లోంచి రావచ్చు. మైక్ తప్పేమీ ఉండదు అక్కడ. మంచి షీల్డింగ్ ఉన్న బ్యాలెన్స్‌డ్ కేబుల్, రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు ఉన్నది కొనండి.

పాత సెట్టు ఎందుకు మొండికేస్తోంది

‘నిన్నమొన్నటిదాకా బంగారంలా పనిచేసిన సెట్టండీ’ అని బాధపడే సంఘ పెద్దలు చాలామంది ఉన్నారు. సెట్టు మారలేదు, చుట్టూ గాలి మారింది. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును జియో కొన్నది. అదే ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. ఈ బ్యాండులో ఫోన్ల నుంచి టవర్‌కు 703 నుంచి 748, టవర్ నుంచి ఫోన్లకు 758 నుంచి 803 మెగాహెర్ట్జ్. మన మందిరాల్లో ఉన్న చవక రకం యూహెచ్‌ఎఫ్ సెట్లు చాలావరకు 740కీ 790కీ మధ్య పనిచేసేవి. సెట్టు వెనక అతికించిన స్టిక్కర్ చదవండి, అంకె అక్కడే ఉంటుంది. టవర్‌తో పోటీపడి ఏ మైకూ గెలవదు. ఆ సెట్టుకు ఎన్నిసార్లు రిపేరు చేయించినా డబ్బు దండగే.

అమెరికా చర్చిలు ఈ కష్టం రెండుసార్లు పడ్డాయి. 700 మెగాహెర్ట్జ్‌లో మైకులు వాడొద్దని 2010 జూన్ 12ను గడువుగా పెట్టారు. సర్దుకుని 600లోకి వెళ్ళినవాళ్ళను, అందులో చాలా భాగాన్ని ఫోన్ కంపెనీలకు అమ్మేసి, 2020 జూలైకల్లా మళ్ళీ ఖాళీ చేయమన్నారు. అందుకని కొత్త సెట్టు కొనే పెద్దలకు నా మాట. ఎన్ని మైకులు వస్తాయని, ఎంత తగ్గిస్తావని అడిగే ముందు, ఏ మెగాహెర్ట్జ్ మీద నడుస్తుందో అడగండి. సమాధానం చెప్పలేని దుకాణంలో కొనొద్దు.

బాబాయ్‌తో పోట్లాట పెట్టుకోకండి

పెళ్ళిరోజు ఉదయం చర్చిలో అందరికంటే ముందు వచ్చేది మైక్‌సెట్ మనిషే. స్పీకర్లు మోసి, వైర్లు లాగి, చెమటతో తడిసి ఉంటాడు. మీరు అప్పుడే దిగి ‘మీ మైక్ వల్ల మాకు డిస్టర్బెన్స్ వస్తోంది’ అంటే ఆయనకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఇలా అడిగి చూడండి: ‘బాబాయ్, మీవి ఏ ఫ్రీక్వెన్సీల మీద పెట్టారు? మీవి కదిలించొద్దు, మావే పక్కకు జరుపుకుంటాం.’ ఆయన ముఖం తేటపడుతుంది. తానే మీ దగ్గరికి వచ్చి సెట్టు చూపిస్తాడు.

ఆయన చెప్పిన అంకెలు కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే రెండు ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కన పనిచేస్తే వాటి కలయికలోంచి మూడో చోట ఒక దొంగ సంకేతం పుడుతుంది. పాటబృందం మైక్ 600 మీద, పాస్టర్ గారిది 601 మీద ఉందనుకోండి. 601ని రెట్టింపు చేసి 600 తీసేస్తే 602. మీ కాలర్ మైక్‌ను సమంగా దూరం ఉంచామనుకుని 602 మీద పెడితే, సరిగ్గా ఆ దొంగ సంకేతం నెత్తినే పెట్టినట్టు. 602.6కు జరిపితే బతికిపోతారు. సమాన దూరాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఈ పనికి చెడ్డవి. లెక్క వేయడం ఇబ్బందైతే ఒకే కంపెనీ సెట్లన్నిటినీ మెనూలో ఒకే గ్రూపులో పెట్టి, వేర్వేరు ఛానళ్ళు ఇవ్వండి. కంపెనీ వాళ్ళు ఆ లెక్క ముందే వేసి ఉంచుతారు.

ఇక స్కానింగ్. మీ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆఫ్ చేసి, రిసీవర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. చర్చిలో మిగతావన్నీ నడుస్తుండాలి. ఎల్‌ఈడీ తెర, ఫోకస్ లైట్లు, పాటబృందం మైకులు. మీరు ఏమీ పంపకపోయినా రిసీవర్ మీద గీతలు లేస్తున్నాయంటే ఆ చోటు ఖాళీ లేదు. గీతలు లేవని చోటు ఎంచుకుని, అప్పుడు మీవి ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. తెర ఆపేసి ఉన్నప్పుడు స్కాన్ చేసుకుని, ఆరాధన మొదలయ్యాక తెర వెలిగేసరికి ఖంగుతినేవాళ్ళు చాలామంది. సరిగ్గా కవచం లేని ఎల్‌ఈడీ తెర తనంతట తానే రేడియో చెత్తను వెదజల్లుతుంది. దానికి ఆనించి రిసీవర్ పెట్టకండి.

తర్వాత ఒకరు కాలర్ మైక్ పెట్టుకుని గేటు నుంచి బలిపీఠం దాకా మాట్లాడుతూ నడవాలి. ఇంకొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. పెళ్ళికొడుకు ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగాలి, ఎటు తిరుగుతాడో అటు తిరగాలి. ఈ తిరగడంలోనే ఉంది కిటుకంతా. బాడీ ప్యాక్ సాధారణంగా నడుము వెనక పెడతారు. వధూవరులు బలిపీఠం వైపు నిలబడినంతసేపూ వెనక ఉన్న రిసీవర్‌కు ప్యాక్ నేరుగా కనపడుతుంది, గొంతు శుభ్రంగా వస్తుంది. ప్రమాణాలకు ఒకరివైపు ఒకరు తిరగ్గానే, ఆ తర్వాత దంపతులను సంఘానికి చూపించడానికి పాస్టర్ గారు ఇటు తిప్పగానే, పెళ్ళికొడుకు ఒళ్ళే అడ్డుగోడ అవుతుంది. తెగిపోయేది అప్పుడే. రిసీవర్‌ను పక్కవాటు బెంచీల దగ్గర, ఆయన ఎటు తిరిగినా నడుము ఓ వైపు నుంచి కనపడే చోట పెట్టండి. ప్యాక్ యాంటెనాను జేబులో మడిచి కుక్కకండి, మైక్ తీగను దానికి చుట్టకండి. మే నెల ఉక్కలో చెమట ప్యాక్‌లోకి దిగుతుంది, పల్చటి పాలిథిన్ కవరు తొడగండి. బ్యాటరీలు పెళ్ళిపూటకు కొత్తవే వేయండి. రిసీవర్ కూడా బ్యాటరీ మీదే ఉంటే మంచిది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో ప్లగ్గుకున్న రిసీవర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది, ప్రమాణం మాత్రం ఆగదు.

మైక్ పెట్టే ముందు అనుమతి. ‘అయ్యగారూ, మీ అంగీకి ఈ చిన్న మైక్ పెట్టవచ్చా? వాక్యోపదేశం అయ్యాక మేమే వచ్చి తీసేస్తాం’ అని ముందే అడగండి. కొందరు గురువులు పూజా వస్త్రాలకు ఏదీ తగిలించనివ్వరు. వాళ్ళ మాటే చెల్లాలి. అప్పుడు పుల్‌పిట్ మైక్ పక్కనే చిన్న రికార్డర్ పెట్టుకోవడానికి అడగవచ్చు.

గరగర వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

ఇన్ని చేసినా రావచ్చు. ఎవరో బంధువు సరిగ్గా అప్పుడే పక్కకొచ్చి ఫోన్‌తో లైవ్ పెడతాడు. ఆ క్షణంలో మీ పని చాలా చిన్నది కావాలి, ముందే తేల్చుకున్నది కావాలి.

ప్రమాణాల మధ్య ఫ్రీక్వెన్సీ మార్చకండి. గరగరలో మాట సగమైనా దక్కుతుంది. ఫ్రీక్వెన్సీ మారుస్తున్నంతసేపూ అసలేమీ దక్కదు. పెళ్ళికొడుకు దగ్గరికి పరిగెత్తకండి. రిసీవర్ చేతిలో పట్టుకుని చప్పుడు చేయకుండా రెండడుగులు పక్కకు జరగండి. యూహెచ్‌ఎఫ్ మైకుల తరంగం అర మీటరు పొడవు అటూ ఇటూ ఉంటుంది. గోడలకూ రేకుల పైకప్పుకూ తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ఓ అడుగు అవతల బలపడతాయి. రెండడుగులు అందుకే. అంతకు మించి చేయవద్దు. ఎందుకంటే మీరు రెండో దారి ముందే వేసుకుని ఉండాలి. చర్చి మిక్సర్ నుంచి ఒక లైను వేరే రికార్డర్‌లోకి, పెళ్ళికొడుకు కోటు లోపలి జేబులో ఇంకో చిన్న రికార్డర్. గాలితో పనిలేకుండా తనలోనే రాసుకునే రికార్డర్‌కు ఏ 5జీ అడ్డురాదు. అది ఉందన్న ధైర్యమే వీడియోగ్రాఫర్ ముఖంలో కనపడే ప్రశాంతత. చూసేవాళ్ళు దాన్ని స్వభావం అనుకుంటారు.

ఆపద సమయంలో తెలివిగా ఆలోచించగలగాలని మనకు తరచూ చెబుతుంటారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఆ సమయంలో ఎవరి బుర్రా చురుగ్గా పనిచేయదు. చెమట పడుతుంది, చెయ్యి వణుకుతుంది. అప్పటికి ఆలోచించనక్కర్లేకుండా ముందు రోజే ఆలోచించి పెట్టుకోవడం మనకు చేతనవుతుంది. ఏది వదిలేయాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. ప్రమాణాలు, ఉంగరాలు మార్చుకోవడం, మంగళసూత్రం, ఆశీర్వాద ప్రార్థన ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు. ప్రవేశ గీతంలో రెండు చరణాలు పోతే పోనీ. అన్నీ ప్రాణమే అనుకునేవాడు చివరికి అసలైనదాన్ని పోగొట్టుకుంటాడు.

ఇంకా చేదైన సందర్భం ఒకటుంది. రెండు దారులూ మూసుకుపోయి పెళ్ళికూతురి ప్రమాణం నిజంగానే పోయింది. అలాంటప్పుడు ఆ అమ్మాయిని తర్వాత ఓ గదిలో కూర్చోబెట్టి మళ్ళీ చదివించి, ఆ గొంతును వీడియో మీద అతికిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ఒప్పుకోకండి. దేవుని సన్నిధిలో, సంఘం ఎదుట, సాక్షుల ముందు ఆమె పలికిన మాట అది. గదిలో చదివింది ఆ మాట కాదు. మిక్సర్ రికార్డింగ్‌లో సన్నగా వినపడుతున్నా, కెమెరా మైక్‌లో ప్రతిధ్వనితో వచ్చినా, ఆ రోజు గొంతునే ఉంచండి. అవసరమైతే కింద అక్షరాలు వేయండి. ఇంట్లోవాళ్ళకు ఆ సాయంత్రమే చెప్పండి. ‘అమ్మా, ప్రమాణాల దగ్గర ఆడియో దెబ్బతింది. ఉన్నదాన్ని ఎంత శుభ్రం చేయగలమో చేసి చూపిస్తాం’ అని. ఆల్బమ్ ఇచ్చే రోజుదాకా దాచితే, వాళ్ళు పోగొట్టుకున్నది ఆడియో ఒక్కటే కాదు, మీ మీద నమ్మకం కూడా. ఈ డెల్టాలో చుట్టరికాలు ఎంత అల్లుకుని ఉంటాయో మీకు తెలుసు. పామర్రులో పోయిన నమ్మకం మచిలీపట్నానికి బస్సు కంటే ముందు చేరుతుంది.

మీ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి. చర్చి పేరు, ఊరు, ఏ అంకె మీద మైక్ పెట్టారు, ఏ చప్పుడు వచ్చింది, ఏ ఒక్కటి మార్చితే పోయింది, రిసీవర్ ఏ స్తంభం దగ్గర పెడితే బాగా పట్టింది. నాలుగు గీతలు చాలు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మీ కెమెరా కంటే విలువైనది అవుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి మీరు నెలల తరబడి నేర్పేది, అది ఒక సాయంత్రంలో నేర్పుతుంది.

ఇంకా మొదలుపెట్టనివాళ్ళు ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఆరాధన అయ్యాక, జనం ఇంకా గుమ్మంలో పలకరింపుల్లో ఉండగానే, పాస్టర్ గారిని అడిగి ఓ పావుగంట లోపల ఉండండి. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి, రిసీవర్ ఆన్ చేసి, గీతలు చూస్తూ బలిపీఠం నుంచి తలుపు దాకా నడవండి. మొదటి పేజీ మీద ఆ తేదీ వేయండి.